కృత్రిమ మేధ గీసిన చీర, గద్వాల నేసిన చీర: కర్తృత్వంపై ఒక పరిశీలన

వ్యాస సారాంశం

మాటల్లో అడిగిన బొమ్మను క్షణాల్లో తయారుచేసే కృత్రిమ మేధ సాధనాలు సామాన్యుల చేతికి వచ్చాక చీర కూడా ఆ బొమ్మల్లో ఒక ముఖ్య వస్తువైంది. ఇటువంటి బొమ్మల తయారీ, పంపకం, కర్తృత్వం అనే విషయాలను గద్వాల చేనేతను ఆధారం చేసుకొని ఈ వ్యాసం వివరిస్తుంది. గద్వాల చీరకు ప్రాణమైన కుప్పడం నేత బొమ్మలో ఎందుకు నిలవదో, బొమ్మను కోరినవారికి దక్కగల రక్షణకంటే నేతకారునికి దక్కే రక్షణ ఎందుకు తక్కువో చూపడం దీని ఉద్దేశం.

కీలక పదాలు: గద్వాల చీర, కుప్పడం, కోటకొమ్మ, కృత్రిమ మేధ, ప్రాంప్టు, జకార్డు, కృతికర్త, కృతిభర్త, భౌగోళిక సూచిక.

1. ఉపోద్ఘాతం

2025 సెప్టెంబరులో భారతీయ సామాజిక మాధ్యమాలను చీరకట్టు బొమ్మలు ముంచెత్తాయి. గూగుల్ సంస్థ ఆగస్టు చివర విడుదల చేసిన చిత్రసాధనానికి అప్పటికే 'నానో బనానా' అన్న వాడుకపేరు స్థిరపడింది. తమ ఫొటో ఒకటి అందులో పెట్టి, ఎటువంటి చీర, ఎటువంటి వెలుతురు, ఏ కాలపు సినిమా పోకడ కావాలో నాలుగు వాక్యాల్లో చెబితే చాలు, పాత హిందీ సినిమా పోస్టరు వంటి బొమ్మ తయారయ్యేది. బొమ్మతోపాటు ఆ నాలుగు వాక్యాలనూ జనం పంచుకోవడం ఇక్కడ గమనించదగిన విశేషం. ఒకరు రాసిన ప్రాంప్టును మరొకరు అందుకొని, చీర రంగు మార్చి, జడలో పూలు చేర్చి మళ్లీ పంపారు. అదే ఏడాది మార్చిలో జపాన్‌కు చెందిన జిబ్లీ స్టూడియో తరహా బొమ్మల విషయంలోనూ ఇదే జరిగింది.

ఆ బొమ్మల్లోని చీరను నేసినదెవరు? ఎవరూ నేయలేదన్నది తక్షణ సమాధానం. అయితే బొమ్మలోని అంచు, కొంగు, జరీ మెరుపు శూన్యం నుంచి పుట్టలేదు. ఎవరో నేసిన చీరలకు ఎవరో తీసిన ఫొటోలే వాటికి మూలం. ప్రాంప్టులో 'గద్వాల చీర' అని రాస్తే, ఆ రెండు మాటల వెనుక కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ ప్రాంతం, ఒక నేతపద్ధతి, భౌగోళిక సూచికగా చట్టం ఇచ్చిన గుర్తింపు ఉన్నాయి. సంస్థానాల కాలంలో కవిపండితులను ఆదరించి 'విద్వద్గద్వాల'గా పేరుపొందిన ఊరది. కవుల పేర్లు పీఠికల్లో మిగిలాయి. నేతకారుల పేర్లు బట్టతోపాటే చిరిగిపోయాయి. కర్తృత్వ చర్చకు గద్వాలను ఎంచుకోవడానికి ఇదొక కారణం.

2. సాధనం బొమ్మను కట్టే తీరు

చిత్రసాధనాల పనితీరు గురించి రెండు అపోహలు విస్తృతంగా ఉన్నాయి. అవి అంతర్జాలంలోని బొమ్మలను కత్తిరించి అతికిస్తాయన్నది ఒకటి. మనిషిలాగే ఊహించి గీస్తాయన్నది మరొకటి. ప్రస్తుతం ప్రాచుర్యంలో ఉన్న సాధనాల్లో అనేకం 'డిఫ్యూజన్' అనే పద్ధతిని అనుసరిస్తాయి. శిక్షణ దశలో కోట్లాది బొమ్మలకు క్రమంగా చుక్కల గందరగోళాన్ని కలుపుతారు. ఆ గందరగోళాన్ని ఒక్కొక్క మెట్టుగా తొలగించి బొమ్మను తిరిగి పట్టుకోవడం యంత్రం నేర్చుకుంటుంది. బొమ్మతోపాటు దాని కింద రాసిన వ్యాఖ్యనూ చూపుతారు కనుక ఏ మాటకు ఎటువంటి రూపం పొసగుతుందో దానికి అలవాటవుతుంది. అటుపై ఉత్త చుక్కల గందరగోళాన్నిచ్చి 'గద్వాల చీర' అంటే, ఆ మాటకు సంభావ్యమైన రూపం వైపు చుక్కలను సర్దుకుంటూ పోతుంది.

2022 ఆగస్టులో వెలువడిన స్టేబుల్ డిఫ్యూజన్‌కు శిక్షణ సామగ్రి అదే ఏడాది ప్రకటితమైన లయాన్-5బీ సంచయం నుంచి వచ్చింది. ఈ సంచయంలో సుమారు 585 కోట్ల బొమ్మ-వ్యాఖ్య జంటలున్నాయి. వాటిలో 232 కోట్లు ఆంగ్ల వ్యాఖ్యలవి. మిగిలిన నూటికి పైగా భాషలన్నిటికీ కలిపి 226 కోట్లు. తక్కినవాటి భాష ఏదో తేలలేదు. ఈ లెక్కలో తెలుగు వ్యాఖ్యల పాలు ఎంత స్వల్పమో ఊహించవచ్చు. అందువల్ల గద్వాల చీరను గురించి యంత్రం నేర్చుకున్నది చాలావరకు అమ్మకపు పేజీల్లోని ఆంగ్ల వ్యాఖ్యల నుంచే అని భావించడం సహేతుకం. 'గద్వాల తరహా' అని పేరుపెట్టి అమ్మే మరమగ్గపు చీర ఫొటోకూ, గద్వాల గుంటమగ్గం మీద నేసిన చీర ఫొటోకూ కింద ఉండే మాట ఒక్కటే. ఆ రెంటినీ వేరుచేసే జ్ఞానం వ్యాఖ్యలో లేనప్పుడు యంత్రానికి దక్కదు. కనుక అది ఇచ్చే 'గద్వాల చీర' గద్వాల పేరుతో తిరిగే ఫొటోలన్నిటి సగటు రూపం.

సగటు రూపం ఎక్కడ తడబడుతుందో తెలుగు పాఠకులకు లిపి ద్వారా ఇట్టే బోధపడుతుంది. తొలితరం చిత్రసాధనాలను తెలుగు అక్షరాలున్న బొమ్మ అడిగితే, తలకట్లు, గుండ్రాలు ఉన్న, చూపుకు తెలుగులాగే తోచే గీతలను ఇచ్చేవి. వాటిలో ఒక్క అక్షరమూ చదవడానికి వచ్చేది కాదు. గుణింతానికి ఒక నియమముంది, ఒత్తుకు ఒక చోటుంది. ఆ నియమం తెలియకుండా ఆకారాన్ని మాత్రమే అనుకరిస్తే చదవలేని లిపి పుడుతుంది. లిపిని పోల్చుకోగలవారు కోట్లమంది ఉన్నారు కనుక ఆ దోషం వెంటనే బయటపడింది, క్రమంగా కొంత సవరణా జరుగుతోంది. నేతలోని దోషాన్ని పోల్చుకోగలవారు మాత్రం కొద్దిమందే.

3. కుప్పడం: బొమ్మకు అందని అతుకు

గద్వాల చీర ప్రత్యేకత దాని రంగుల్లో కంటే నిర్మాణంలో ఉంది. సంప్రదాయిక గద్వాల చీరలో నడిమి భాగం నూలు, అంచులు, కొంగు పట్టు. రెండు భిన్న స్వభావాల నూలుపోగులు ఒకే బట్టగా కలవాలి. నూలుకు ఒక బిగువు, పట్టుకు మరొక బిగువు. ఉతికినప్పుడు ఒకటి ముడుచుకున్నంత మరొకటి ముడుచుకోదు. ఈ వైరుధ్యాన్ని కుట్టుతో గాక నేతతోనే పరిష్కరించే పద్ధతి కుప్పడం.

నేతకారుడు మూడు నాడెలు వాడతాడు. నడిమి భాగపు పేకకు ఒకటి, రెండు అంచుల పేకలకు రెండు. నడిమి నాడె అంచు దాకా వచ్చి ఆగుతుంది. అంచు నాడె ఎదురువచ్చి, రెండు పేకలు ఒకదానినొకటి కొక్కెంలా పట్టుకొని, ఎవరి దారిన అవి వెనుదిరుగుతాయి. ప్రతి వరుసలోనూ ఈ పట్టు పడాలి. ఒక్కచోట తప్పితే అక్కడ బట్టలో సందు మిగులుతుంది. ఆ కలయిక వరుస వరుసకూ కొన్ని పోగుల మేర జరిగితే అంచు గీత మెట్లుమెట్లుగా ఎక్కి శిఖరమవుతుంది, తిరిగి దిగితే కోట బురుజు వరుస కనిపిస్తుంది. కోటకొమ్మ అని పిలిచే ఈ అంచు నేసిన బట్టమీద అద్దిన అలంకారం కాదు. రెండు పేకలు ఎక్కడ కలిసి ఎక్కడ విడిపోయాయో చెప్పే జాడ అది. శిఖరం ఎత్తు, మెట్టు వెడల్పు పోగుల లెక్కను బట్టి వస్తాయి. కొంగు దగ్గర మరో అతుకుంది. నూలు పడుగు ముగిసే చోట పట్టు పడుగును పోగుపోగుకూ చేత్తో కలిపి ముందుకు సాగుతారు.

ఇప్పుడు బొమ్మ వైపు చూద్దాం. బొమ్మలో కోటకొమ్మ ఉంటుంది, మెరుస్తుంది కూడా. దాని మెట్లు మాత్రం ఏ లెక్కకూ కట్టుబడి ఉండనవసరం లేదు. ఒక కొమ్మకు ఏడు మెట్లు, పక్క కొమ్మకు ఎనిమిది, ఆ పక్కది సగంలో కుచ్చెళ్లలో కరిగిపోవడం యంత్రం దృష్టిలో దోషాలు కావు. చూపరికి పట్టుబడనంత కాలం బొమ్మ సఫలమే. నూలు పట్టుగా మారే సరిహద్దు బొమ్మలో ఒక రంగు మరో రంగుగా మారే గీత మాత్రమే. గద్వాల చీరను గద్వాల చీరగా నిలిపే పని సరిగ్గా ఆ గీత దగ్గరే జరుగుతుంది. బొమ్మలో లేనిది అదే.

ఇది బొమ్మ స్వభావమే గాని యంత్రం లోపం కాదని ఎవరైనా అనవచ్చు. రవివర్మ చిత్రాల్లోని చీరల్లోనూ పడుగుపేకలు ఉండవు కదా అని అడగవచ్చు. ఆ వాదంలో నిజముంది. కాని చిత్రకారుడు తన ముందున్న ఒకానొక చీరను చూసి గీస్తాడు. అక్కడ మూలం ఒకటుంది, దాని తర్వాత బొమ్మ ఉంది. కృత్రిమ మేధ బొమ్మ విషయంలో క్రమం తలకిందులయ్యే వీలుంది. బొమ్మ ముందు పుట్టి, కొనుగోలుదారు దాన్ని ఫోనులో చూపి 'ఇలాగే కావాలి' అని నేతకారుణ్ణి అడగడం సాధ్యమవుతుంది. అడిగినది నేయడానికి వీలుకానిదైతే తప్పు ఎవరి మీద పడుతుందో వేరుగా చెప్పనక్కరలేదు.

4. జకార్డు అట్టలు, కంప్యూటరు బొమ్మలు

నేతలో నమూనా అంటే ఆదేశాల వరుస. గీసిన బొమ్మను గడుల కాగితం మీదికి ఎక్కించి, ఒక్కొక్క గడిని ఒక పడుగు-పేక కూడలిగా లెక్కించి, పోగు లేవవలసిన చోట గుర్తుపెడతారు. ఆ గుర్తుల ప్రకారం అట్టలకు రంధ్రాలు కొట్టి, జకార్డు యంత్రానికి తగిలిస్తారు. ఒక్కో అట్ట ఒక్కో పేకకు ఏ పోగులు లేవాలో చెబుతుంది. 240 కొక్కేల జకార్డుకు 240 వేర్వేరు కదలికలే సాధ్యం. నమూనా ఎంత వైభవంగా ఉన్నా ఆ పరిధిలో ఇమడాలి. 1024 చుక్కల పొడవు, అంతే వెడల్పు ఉన్న చతురస్రాకార కంప్యూటరు బొమ్మలో 10,48,576 చుక్కలుంటాయి, ప్రతి చుక్కా తనకు తోచిన రంగు పూయవచ్చు. బొమ్మను మగ్గానికి తేవడమంటే ఈ స్వేచ్ఛను ఆ నిర్బంధంలోకి దించడం. ఏది వదలాలి, ఏది ఉంచాలి, శిఖరం ఎక్కడ ముగియాలి అన్న నిర్ణయాలన్నీ ఆ దశలో జరుగుతాయి. రూపకల్పన అనదగిన పని నిజానికి అదే.

విచిత్రమేమంటే కంప్యూటరు తన తొలి పాఠాన్ని మగ్గం దగ్గరే నేర్చుకుంది. ఫ్రాన్సులో 19వ శతాబ్ది ఆరంభంలో జోసెఫ్ మరీ జకార్డు రూపొందించిన యంత్రం అట్టల రంధ్రాలతో నేతను నడిపింది. 1839లో లియోన్ నగరంలో ఆయన ముఖచిత్రాన్నే పట్టులో నేశారు. అందుకు దాదాపు 24,000 అట్టలు పట్టాయి. అది నేసిన బట్ట అని గుర్తించలేక ముద్రిత చిత్రమని పొరబడినవారున్నారు. దాని ప్రతి ఒకటి గణనయంత్ర రూపకర్త చార్లెస్ బాబేజ్ సంపాదించి అతిథులకు చూపేవాడు. ఆయన తలపెట్టిన యంత్రానికి అట్టల ఆలోచన అక్కడిదే. యంత్రం మోసగించగలిగినంత నునుపైన బొమ్మ అన్న ఆశ్చర్యం మన కాలపుది మాత్రమే కాదన్నమాట. తేడా ఒకటుంది. ఆ 24,000 అట్టల్లో ప్రతి రంధ్రాన్నీ ఒక మనిషి నిర్ణయించాడు.

తెలుగునాట చేనేతలోకి వచ్చిన మరో యంత్రాన్నీ ఇక్కడ తలచుకోవాలి. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం 1999లో లక్ష్మీ ఆసు యంత్రాన్ని సాధించారు. పోచంపల్లి తరహా చీరకు ఆసు పోయడంలో వేలసార్లు చేయి ఆడించి తల్లి భుజం నొప్పితో బాధపడటం ఆయనను అందుకు పురికొల్పింది. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఆ యంత్రం శరీరశ్రమను తీసుకొని రూపకల్పనను మనిషికి వదిలింది. చిత్రసాధనం రూపకల్పనను తాను తీసుకొని శరీరశ్రమను మనిషికి వదులుతోంది. చేనేతకు ఏ యంత్రం మేలు చేస్తుందన్న ప్రశ్నకు ఇంతకంటే సూటి పోలిక దొరకడం కష్టం. అయితే రంగుల జోడింపులను ముందుగా చూసుకోవడానికి, దూరాన ఉన్న కొనుగోలుదారుతో మాట్లాడుకోవడానికి చిత్రసాధనాన్ని నేతకారుడే వాడుకుంటే అది పనిముట్టుగానే ఉంటుంది. తుది మాట గడుల కాగితానిదే కావాలి.

5. కృతికర్త, కృతిభర్త

ప్రాంప్టు రాసినవారిని రచయిత అనవచ్చునా? ఈ ప్రశ్నకు దేశానికొక జవాబు వస్తోంది. అమెరికా కాపీరైటు కార్యాలయం 2023 ఫిబ్రవరిలో 'జార్యా ఆఫ్ ద డాన్' అనే బొమ్మల కథ విషయంలో మాటలకు, కూర్పుకు హక్కునిచ్చి, మిడ్‌జర్నీ సాధనం తయారుచేసిన బొమ్మలకు నిరాకరించింది. మానవ కర్త లేని చిత్రానికి కాపీరైటు లేదని 2025 మార్చిలో అక్కడి అప్పీలు న్యాయస్థానం థేలర్ కేసులో స్పష్టం చేసింది. 2023 నవంబరులో బీజింగ్ ఇంటర్నెట్ న్యాయస్థానం ఇందుకు భిన్నంగా, ప్రాంప్టులను పదేపదే సవరించి బొమ్మను సాధించిన వ్యక్తికి హక్కు ఉందన్నది. భారత కాపీరైటు కార్యాలయం 2020లో 'సూర్యాస్త్' అనే చిత్రానికి 'రాఘవ్' అనే కృత్రిమ మేధ సాధనాన్ని సహకర్తగా నమోదు చేసి, తర్వాత ఆ నమోదు ఉపసంహరణకు నోటీసు ఇచ్చింది.

మన చట్టంలో ఒక ఆసక్తికరమైన నిర్వచనముంది. 1957 నాటి కాపీరైటు చట్టానికి 1994లో చేసిన సవరణ ప్రకారం, కంప్యూటరు ద్వారా రూపొందిన కృతికి 'ఆ కృతి రూపొందడానికి కారకుడైన వ్యక్తి' కర్త. చిత్రసాధనాలు ఊహకైనా రాని కాలంలో రాసిన మాట ఇది. ఈనాడు ప్రాంప్టు రాసినవారు దాన్ని తమకు అనుకూలంగా చదువుకునే వీలుంది.

తెలుగు సాహిత్య విద్యార్థికి ఈ 'కారకుడు' కొత్తవాడు కాడు. రాజరాజనరేంద్రుడు కోరితే నన్నయ భారతాంధ్రీకరణకు పూనుకున్నాడు. కృష్ణదేవరాయలు కోరితే పెద్దన మనుచరిత్ర రచించాడు. ఏ కథ కావాలో, ఎటువంటి రచన కావాలో అవతారికలో రాజు చెప్పే మాటలు నేటి ప్రాంప్టుకు దూరంగా లేవు. అలా కోరి, పోషించి, అంకితం పొందినవానికి మన సంప్రదాయం ఘనమైన స్థానమే ఇచ్చింది. ఆ స్థానం పేరు కృతిభర్త. కృతికర్త వేరు. కోరినవాణ్ణి కర్తగా ఎవరూ భ్రమించలేదు. ఆముక్తమాల్యద రాయలదా పెద్దనదా అన్న పాత వివాదం కూడా ఈ విభజన ఎంత దృఢమైనదో చూపుతుంది. భర్త కర్త కాగలడా అన్న సందేహమే అక్కడ చర్చకు మూలం.

చిత్రసాధనం విషయంలో ప్రాంప్టు రాసినవారు కృతిభర్త స్థానంలో ఉన్నారు. కర్త స్థానం ఖాళీగా ఉన్నట్లు కనిపిస్తుంది. నిజానికి అది ఖాళీ కాదు, అనేకుల మధ్య గుర్తుపట్టలేనంతగా పంచబడి ఉంది. కోటకొమ్మ అంచులకు కర్తలు నడిగడ్డ మగ్గాల మీద కూర్చున్నవారు. ఏటా తిరుమల బ్రహ్మోత్సవాల వేళ స్వామికి గద్వాల సంస్థానం తరఫున సమర్పించే ఏరువాడ జోడు పంచెలను నియమనిష్ఠలతో నేసేదీ వారే. ఆ పంచెలు 'గద్వాల సంస్థానం' పేరుమీదనే ప్రసిద్ధి. కృతిభర్త పేరు నిలిచి కర్త పేరు మరుగున పడటం చేనేతలో యంత్రాలకంటే ముందునుంచీ ఉన్నదే. సాధనాలు దాన్ని అంతులేని వేగంతో పునరావృతం చేస్తున్నాయి.

6. పంపకం, రక్షణ

బొమ్మ తయారవడంకంటే అది తిరగడమే ఎక్కువ సమస్యలు తెస్తుంది. గూగుల్ తన సాధనపు బొమ్మల్లో కంటికి కనిపించని సింథ్‌ఐడీ ముద్రను పొందుపరుస్తోంది. కనిపించని ముద్ర వాట్సాప్‌లో బొమ్మ చూసే మనిషికి ఏమీ చెప్పదు. 2025 అక్టోబరులో కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక శాఖ ప్రకటించిన ముసాయిదా, కృత్రిమంగా రూపొందిన దృశ్యంలో కనీసం పదో వంతు మేర స్పష్టమైన గుర్తు ఉండాలని ప్రతిపాదించింది. ఆ గుర్తు 'ఇది యంత్రం చేసినది' అని చెప్పగలదు. 'ఇందులోని అంచు గద్వాలది కాదు' అని చెప్పలేదు.

ఆ రెండో మాట చెప్పవలసినది 1999 నాటి భౌగోళిక సూచికల చట్టం. గద్వాల చీరకు ఈ చట్టం కింద నమోదు ఉంది. నమోదు పదేళ్లకొకసారి పునరుద్ధరణకు వస్తుంది, అలా ఎంతకాలమైనా కొనసాగవచ్చు. అయితే అది కాపాడేది సరుకుకు పెట్టిన పేరును. కృత్రిమంగా చేసిన బొమ్మకు 'గద్వాల చీర' అని పేరుపెట్టి వినోదానికి పంచుకుంటే సరుకు లేదు కనుక ఉల్లంఘన చూపడం కష్టం. అదే బొమ్మను చూపి వేరే చోట తయారైన చీరను గద్వాల పేరుతో అమ్మితే ఉల్లంఘన స్పష్టం. ఈ రెంటి మధ్య దూరం సామాజిక మాధ్యమంలో ఒక కొనుగోలు మీటంత.

ఇక నేతకారుడు తానే కొత్త నమూనా సృష్టించాడనుకుందాం. కోటకొమ్మ వంటి పాత అంచు ఎవరి సొత్తూ కాదు, నవీనత లేనందున నమోదుకూ రాదు. కొత్త నమూనాను 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేస్తే పదేళ్లు, పొడిగిస్తే మరో ఐదేళ్లు రక్షణ ఉంటుంది. నమోదు చేయకపోతే కాపీరైటు చట్టంలోని 15వ సెక్షను అడ్డువస్తుంది. డిజైనుగా నమోదుకు అర్హమైన నమూనాను పారిశ్రామిక ప్రక్రియలో యాభైకి మించి పునరుత్పత్తి చేయగానే దాని కాపీరైటు ముగుస్తుంది. దుస్తుల నమూనాలకు సంబంధించిన రితిక - బిబా కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు ఈ సూత్రాన్నే వర్తింపజేసింది. చేతిమగ్గం నేత 'పారిశ్రామిక ప్రక్రియ' అవుతుందా అన్నది వాదించదగిన అంశమే. అయితే డిజైన్ల చట్టం చేతితో చేసే ప్రక్రియను కూడా తన పరిధిలో చేర్చుకున్నందున ఆ వాదం మీద నేతకారుడు పూర్తిగా ఆధారపడలేడు.

మరోవైపు, ఏ మగ్గానికీ ఎక్కని ఒక చీర బొమ్మను ప్రాంప్టుతో తయారుచేయించినవారిని 1994 సవరణ ప్రకారం న్యాయస్థానం కర్తగా అంగీకరిస్తే, ఆ బొమ్మ వస్తువు మీద అచ్చుకాని కళాకృతిగా ఉన్నంతకాలం వారి జీవితకాలమూ, ఆపై 60 ఏళ్లూ కాపీరైటు వర్తిస్తుంది. గడుల కాగితం మీద ఒక్కో పోగు లెక్కించి నమూనా కట్టి, నమోదు సంగతి తెలియక నేత మొదలుపెట్టిన గద్వాల నేతకారునికి అదే చట్టం మిగిల్చేది యాభై చీరలు. యాభైఒకటో చీర నుంచి ఆ అంచును ఎవరైనా నేయవచ్చు.